రాత్రి పది దాటాక గంటలు ఎవరి లెక్కలోకి పోతున్నాయి?

పేరు బయట పెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాను. ఆమె వయసు 33. తొమ్మిదేళ్లుగా ఒక ప్రకటనల ఏజెన్సీలో కాపీరైటరుగా, అంటే ప్రకటనలకు మాటలు రాసే మనిషిగా పనిచేస్తున్నారు. చేరిన కొత్తలో ఒక్క మాట కోసం రాత్రంతా కూర్చోవడం కష్టంగా ఉండేది కాదనీ, తెల్లవారేసరికి ఆ మాట దొరికితే పండగలా ఉండేదనీ రాశారు. ఇప్పుడు ఉదయం పదింటికి వెళ్తే ఇంటికి బయలుదేరేది రాత్రి తొమ్మిదిన్నరకో పదికో. కొత్త క్లయింటు కోసం పిచ్, అంటే పని దక్కించుకోవడానికి ముందుగా ఆలోచనలు చూపించే పోటీ, ఉన్న వారాల్లో అర్ధరాత్రి దాటుతుంది, శని ఆదివారాలూ పోతాయి. గత ఏడాది అలాంటి పిచ్‌లు ఏడు వస్తే గెలిచినవి రెండు. వారానికి సుమారు 65 గంటలు పనిచేస్తున్నా, ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో రాసే టైమ్‌షీటులో మాత్రం 40 గంటలే నింపుతారు. అంతకు మించి రాస్తే ఈ చిన్న పనికి ఇంతసేపా అని క్లయింట్ సర్వీసింగ్ వాళ్లు, అంటే ఏజెన్సీ తరఫున క్లయింటుతో వ్యవహారం నడిపేవాళ్లు, అడుగుతారట. తాను నెమ్మదైన మనిషినని అనుకుంటారేమోనని ఆమె భయం.

ఆరు నెలల కిందట వాళ్ల అమ్మగారికి ఆపరేషన్ జరిగింది. థియేటర్ బయట కూర్చుని ఆమె ఒక షాంపూ ప్రకటనకు పదకొండో రకం ట్యాగ్‌లైన్ ఫోన్లో రాసి పంపుతున్నారు. "అమ్మకు తెలివి వచ్చిందని నర్సు వచ్చి చెప్పినప్పుడు, ఒక్క నిమిషం ఆగమని వేలు చూపించాను. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతోంది" అని రాశారు. ఐదేళ్ల పాప ఈ మధ్య బొమ్మలతో ఆడుకుంటూ వాటిని పక్కకు తోసి, ఆ బొమ్మలతోనే "ఒక్క ఐదు నిమిషాలు, అమ్మా" అంటోందట. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది, మళ్లీ నిద్ర పట్టదు. మంచి బ్రీఫ్ (ఎలాంటి ప్రకటన కావాలో చెప్పే కాగితం) చేతికి వచ్చినా మనసులో ఏమీ కదలడం లేదు.

ఇలా ఉండగా ఆమెకు పని నేర్పిన క్రియేటివ్ డైరెక్టరే పిలిచి, అసోసియేట్ క్రియేటివ్ డైరెక్టర్ పదవి ఇస్తామన్నారు. ఆమె కింద నలుగురు జూనియర్లు ఉంటారు. నెల రోజుల్లో జవాబు చెప్పాలి. ఆయన మీద ఆమెకు గౌరవం ఉంది, ఆయనా అర్ధరాత్రి దాకా ఆఫీసులోనే ఉంటారు. మొన్న ఒక రాత్రి, చేరి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి వచ్చి, "మీరు బయలుదేరితే నేనూ బయలుదేరతాను మేడమ్" అందట. ఉద్యోగం మానేయమని భర్త, ఎక్కడికి వెళ్లినా ఇంతేనని స్నేహితురాలు. ఆమె అడుగుతున్నవి రెండు ప్రశ్నలు: తనలో పని మీద ఇష్టం చచ్చిపోయిందా, లేక తాను మొదటి నుంచీ ఈ పనికి సరిపోని మనిషా? పదవి తీసుకోవాలా, మానేయాలా?

సమాధానం:

మీ అమ్మగారి గురించి, పాప గురించి రాసిన మాటలు ఎవరినైనా కలవరపెడతాయి. అయినా నేను వెనక్కి వెళ్లి రెండోసారి చదివింది మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన ఒక చిన్న సంగతిని: టైమ్‌షీటులో 40 గంటలే రాస్తానన్నదాన్ని. మీ రెండు ప్రశ్నల ముడీ అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. అందుకే మనసు సంగతికి వచ్చే ముందు కొంతసేపు లెక్కల గురించి మాట్లాడతాను.

ఏజెన్సీ అమ్మేది ఆలోచనలని మనం అనుకుంటాం. ఒకప్పుడు ఆలోచనకు విడిగా ధరే ఉండేది కాదు. క్లయింటు పత్రికల్లోనూ ప్రసార మాధ్యమాల్లోనూ ప్రకటనలకు పెట్టే ఖర్చులో 15 శాతం ఏజెన్సీకి కమిషన్‌గా రావడం చాలా దేశాల్లో దశాబ్దాల తరబడి సాగిన ఆనవాయితీ. ఒక వాక్యానికి పది నిమిషాలు పట్టినా పది రోజులు పట్టినా వచ్చే డబ్బులో తేడా లేదు. ఆ కమిషన్ పలచబడి దాని చోట ఫీజు వచ్చాక, ఏజెన్సీ ఎక్కువగా అమ్ముతున్నది మనుషుల గంటలను. ఈ ఖాతాకు, అంటే ఈ క్లయింటు పనికి, ఒక కాపీరైటర్ సమయంలో ఇంత భాగం, ఒక ఆర్ట్ డైరెక్టర్ సమయంలో ఇంత భాగం అని ఒప్పందంలో రాసుకుంటారు. వచ్చే ఏడాది ఒప్పందం తిరగరాసేటప్పుడు, పోయిన ఏడాది ఎన్ని గంటలు పట్టాయో చూపించే కాగితం మీ టైమ్‌షీటే.

మీరు రాయని గంటలను లెక్కేద్దాం. వారానికి 25 గంటలు, సెలవులు తీసేసి ఏడాదికి 48 వారాలు అనుకుంటే 1,200 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఇంకో మనిషికి అది 30 వారాల పని. మీ జట్టులో మీలాంటివారు ఇంకొకరున్నారనుకుంటే, కనిపించని ఉద్యోగి ఒకరు మీ పక్కన కూర్చుని ఏడాది పొడుగునా జీతం లేకుండా పనిచేస్తున్నట్టే. ఆ ఉద్యోగి కాగితం మీద లేడు కనుక ఇంకొకరిని తీసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు, ఫీజు పెంచమని క్లయింటును అడగడానికి ఆధారమూ ఉండదు. మీరు ఆ గంటలను మీ క్రియేటివ్ డైరెక్టర్ మీద గౌరవంతో ఇస్తున్నాననుకుంటున్నారు. అవి చివరకు చేరేది క్లయింటుకు, తగ్గింపు ధర రూపంలో. ఆ తగ్గింపు ఇస్తున్నది మీరని ఆ క్లయింటుకు తెలియదు, మీ ఏజెన్సీ యాజమాన్యానికీ బహుశా పూర్తిగా తెలియదు.

ఈ దాచిపెట్టడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి మీ రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. జపాన్‌లోని అతిపెద్ద ప్రకటనల సంస్థ డెంట్సులో 1991లో 24 ఏళ్ల ఉద్యోగి ఒకరు ఎడతెగని పని భారంతో కుంగిపోయి ప్రాణం తీసుకున్నాడు. ఆ కేసు ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగి ఆరోగ్యాన్ని కాపాడే బాధ్యత సంస్థదేనని 2000లో కోర్టు తేల్చింది. అంత పెద్ద తీర్పు తర్వాత, 2015లో, అదే సంస్థలో అదే వయసున్న ఒక ఉద్యోగిని అదే దారిలో పోయింది. నెలకు 100 గంటలకు పైగా ఓవర్‌టైమ్ చేసిందని అధికారులు గుర్తించారు. ఈ రెండు సందర్భాల్లోనూ కాగితం మీద నమోదైన గంటలు వేరు, నిజంగా చేసిన గంటలు వేరు. 1951 నుంచి ఆ సంస్థలో పది సూత్రాలు చలామణిలో ఉండేవి. పట్టిన పనిని చంపినా వదలవద్దన్నది వాటిలో ఒకటి. 2016లో రాత్రి పదింటికి ఆఫీసు దీపాలు ఆర్పేయడం మొదలుపెట్టారు, 2017లో ఆ సూత్రాలను ఉద్యోగుల చేతిపుస్తకం నుంచి తీసేశారు, అదే ఏడాది కోర్టు 5 లక్షల యెన్‌ల జరిమానా వేసింది. దీపాలు ఆర్పడం మంచిదే. కానీ పని తగ్గకుండా దీపం మాత్రమే ఆరితే ఆ పని ల్యాప్‌టాప్‌లో ఇంటికి వస్తుంది. యాజమాన్యాలు యోగా తరగతి పెట్టినప్పుడు నాకు అంతగా ఉత్సాహం కలగకపోవడానికి కారణం ఇదే.

క్రియేటివ్ పనికి గడియారం పెట్టలేమని మీరు అనవచ్చు. మీ క్రియేటివ్ డైరెక్టర్ తప్పకుండా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. మంచి మాట ఎప్పుడు తడుతుందో ఎవరూ చెప్పలేరు. అయితే మీ 65 గంటల్లో మాట కోసం వెతికిన గంటలు ఎన్ని? ఒక్క వారం పాటు నిజాయితీగా గుర్తు పెట్టుకుని చూడండి. ఉదయమంతా బ్రీఫ్ కోసం ఎదురుచూడటం, వచ్చిన బ్రీఫ్ సగమే ఉండటం, సాయంత్రం ఆరున్నరకు క్లయింటు ఫీడ్‌బ్యాక్ రావడం, రేపు ఉదయానికి కావాలనడం, క్లయింటు కార్యాలయంలో నిర్ణయం తీసుకోవలసిన మనిషి ఎవరో తేలక రకరకాల ట్యాగ్‌లైన్లు అడగటం, ఎనిమిదింటికి అంతర్గత సమీక్ష పెట్టడం. ఆసుపత్రి వరండాలో మీరు రాసిన పదకొండో ట్యాగ్‌లైన్ మొదటి పదికన్నా మెరుగైనదై ఉంటుందని నేను అనుకోను. మొదటి పదిలో ఏది కావాలో చెప్పగలిగిన మనిషి అవతల లేడు, అంతే. ఇతరుల అనిశ్చితిని మీ రాత్రులతో పూడ్చడాన్ని సృజన అనలేం.

నిజమైన వెతుకులాటకు కూడా ఆగకుండా కూర్చోవడం పనికిరాదని మీ వృత్తిలోని పెద్దలే చెప్పారు. జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీలో పనిచేసిన జేమ్స్ వెబ్ యంగ్ 1940లోనే, ఆలోచన పుట్టే క్రమాన్ని వివరిస్తూ, విషయాన్ని బాగా నమిలాక దాన్ని పూర్తిగా పక్కన పెట్టి వేరే దానిలో పడటాన్ని ఒక తప్పనిసరి మెట్టుగా పెట్టాడు. ఇక నిద్ర సంగతి. 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఉదయం ఏడింటికి లేచిన మీరు అర్ధరాత్రి దాటాక రాసే వాక్యాన్ని ఆ స్థితిలో రాస్తున్నారు. మర్నాడు ఉదయం చూసుకుని ఎన్నిసార్లు కొట్టేశారో మీకే తెలుసు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇష్టం చచ్చిపోయిందా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని నుంచి మనసు దూరమై దాని పట్ల విముఖత గానీ చులకన భావం గానీ కలగడం, ఇదివరకటిలా చేయలేకపోతున్నానన్న భావన. దాన్ని జబ్బు అనలేదు. అదుపు చేయకుండా వదిలేసిన, ఎడతెగని పని ఒత్తిడి నుంచి పుట్టే స్థితి అంది. మంచి బ్రీఫ్ వచ్చినా ఏమీ కదలడం లేదని మీరు రాసింది ఆ రెండో లక్షణానికి చాలా దగ్గరగా ఉంది. దానికి పేరు పెట్టవలసింది మిమ్మల్ని ఎదురుగా చూసిన వైద్యులు, నేను కాదు. కానీ ఒక మాట చెప్పగలను. మూడు రోజులు నిద్రలేని మనిషి అన్నం మీద ఆకలి పోయిందని చెబితే, ఆమెకు అన్నమంటేనే ఇష్టం లేదని మనం తీర్పు చెప్పం. నిద్రపోయాక మళ్లీ అడుగుతాం. మీరు ఈ పనికి సరిపోతారా లేదా అన్న ప్రశ్నకు ఈ అలసటలో జవాబు వెతకవద్దు. తొమ్మిదేళ్లు నిలబడ్డారు, పదవి ఇస్తామంటున్నారు, సరిపోని మనిషికి ఇవి జరగవు.

గుండె దడ సంగతి మాత్రం నెలాఖరు దాకా ఆపకండి, ఈ వారమే వైద్యులకు చూపించుకోండి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తప్రసరణ తగ్గే జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. మీ దడకు కారణం ఒత్తిడే కావచ్చు, రక్తహీనతో థైరాయిడో కావచ్చు. ఊహలతో సరిపెట్టుకోవలసిన విషయం కాదు. బతకడం మీదే విసుగు కలిగే క్షణం ఎప్పుడైనా వస్తే, ఆ రోజే మీ వారికో వైద్యులకో చెప్పండి. పిచ్ అయిపోయాక చెబుదామని ఆగవద్దు.

రెండో ప్రశ్నకు వచ్చే ముందు మీకు కొంచెం నొప్పి కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో "నేను లేకపోతే అది ఆగిపోయేది" అన్న మాట నాలుగు చోట్ల వచ్చింది. నాలుగు చోట్లా ఫిర్యాదుగానే రాశారు, కానీ నాలుగు చోట్లా దాని కింద కొంచెం గర్వం కూడా వినిపించింది. అందులో తప్పు లేదు, మనిషన్నాక ఉంటుంది. నేనూ ఒకప్పుడు వారపత్రికలో పనిచేస్తూ, నేను చూడకపోతే సంచిక రాదని నమ్మి మూడేళ్లు సెలవు పెట్టలేదు. టైఫాయిడ్‌తో నెల రోజులు మంచం పట్టినప్పుడు నాలుగు సంచికలు చక్కగా వచ్చాయి. అందరికీ కావలసిన మనిషిగా ఉండటంలో ఒక మత్తు ఉంది. మీ అలసటలో ఏజెన్సీ వాటా ఎంతో, ఈ మత్తు వాటా ఎంతో మీకు మీరే విడదీసి చూసుకోవాలి. ఎందుకంటే మొదటిదాన్ని అక్కడే వదిలి వెళ్లిపోవచ్చు, రెండోది ఎక్కడికి వెళ్లినా మీ వెంటే వస్తుంది.

ఆఫీసులోని ఆ చిన్నమ్మాయి మాట కూడా ఇందులో భాగమే. మీరు బయలుదేరితే తానూ బయలుదేరతానంది. మీరు మీ డైరెక్టర్ కోసం కూర్చున్నారు, ఆమె మీ కోసం కూర్చుంది. ఎవరూ ఎవరినీ ఉండమనలేదు. ఆయన తన పై అధికారి కోసం ఒకప్పుడు ఇలాగే కూర్చుని ఉంటారు. ఇస్తామంటున్న పదవికి నిజమైన అర్థం ఇక్కడ ఉంది. జీతం, హోదా సరే. ఇకమీదట నలుగురి రాత్రులు ఎన్నింటికి ముగుస్తాయన్నది మీ కుర్చీ తేలుస్తుంది. మీరు నోరు తెరిచి చెప్పినా చెప్పకపోయినా అంతే.

పదవిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవడం ఒక దారి. జీతం పెరుగుతుంది, పోర్ట్‌ఫోలియోలో పెద్ద పేర్లు చేరతాయి. కానీ ఇప్పుడు చేస్తున్న రాత పని ఒక్క గంట కూడా తగ్గకుండా, పైన నలుగురి పనిని దిద్దడం, సమావేశాలు, క్లయింటు ముందు ప్రెజెంటేషన్లు వచ్చి పడతాయి. పాత పని ఎవరికి అప్పగిస్తారో తేల్చకుండా ఇచ్చే పదోన్నతి రెండు ఉద్యోగాలను ఒక పేరు కింద చేర్చడమే. ఏడాదిన్నర భరించి, ఆ హోదాతో మరో చోటికి వెళ్దామని లెక్క వేసుకుంటే అది తెలివితక్కువ లెక్కేమీ కాదు, చాలామంది వేసుకుంటారు. మీ ఒళ్లు ఆ ఏడాదిన్నరను ఒప్పుకుంటుందా అన్నది వైద్యులు చెప్పాక తేల్చుకోండి.

షరతులతో తీసుకోవడం ఇంకో దారి. నాకు ఇది ఎక్కువ నచ్చుతుంది, కానీ అన్నింటికన్నా కష్టమైనది కూడా ఇదే. "పని, జీవితం సమతూకంగా ఉండాలి" అని అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ ఇవ్వరు. అడగవలసినవి చేత్తో పట్టుకోగలిగేంత కచ్చితంగా ఉండాలి. సమీక్షలు సాయంత్రం ఐదు లోపు. సగం బ్రీఫ్‌తో పని మొదలు కాదు. మార్పులు ఎన్ని విడతలు చేయాలో ఒప్పందంలో ఉన్నదే, దాన్ని దాటితే క్లయింట్ సర్వీసింగ్ వాళ్లు క్లయింటుతో డబ్బు సంగతి మాట్లాడాకే పని మన దగ్గరికి రావాలి. పిచ్ అయిన మర్నాడు, మర్నాడు కుదరకపోతే ఆ వారంలోనే, జట్టు మొత్తానికి సెలవు. అందరి టైమ్‌షీటులోనూ నిజమైన గంటలు. వీటితో పాటు మరొకటి అడగండి: జట్టులో ఒక్కొక్కరికీ వారంలో ఒక సాయంత్రం ఆరు తర్వాత పనీ ఫోనూ ఏవీ ఉండకూడదు, అది ఏ సాయంత్రమో వారం మొదట్లోనే రాసి పెట్టాలి. ఇది నేను కల్పించింది కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన లెస్లీ పెర్లో, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ బృందాల మీద ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. క్లయింటు పిలిస్తే పరుగెత్తవలసిందేనని నమ్మే ఆ ఉద్యోగులు మొదట్లో ఇష్టపడలేదు. కొన్ని నెలల్లో, ఒకరు లేనప్పుడు మరొకరు పని అందుకోవలసి రావడంతో బృందంలో మాటలు పెరిగాయి, పని నాణ్యతా పెరిగింది. ఎప్పుడో దొరికే సెలవు కన్నా ముందే తెలిసిన ఒక సాయంత్రం మనిషికి ఎక్కువ విశ్రాంతినిస్తుంది.

ఆయనతో ఎలా మాట్లాడాలన్నది మీ అసలు భయమని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆయన మీకు పని నేర్పారు. ఆ మొహమాటం మీ గొంతుకు అడ్డం పడుతోంది. అలసిపోయానని మొదలుపెడితే ఆయన ఓదారుస్తారు, తాను పడిన కష్టాలు చెబుతారు, మీరు సిగ్గుపడి బయటకు వస్తారు. ఆ 1,200 గంటల లెక్కతో మొదలుపెట్టండి. ఏ ఖాతాలో ఎన్ని గంటలు ఫీజు లేకుండా పోతున్నాయో, గెలవని ఐదు పిచ్‌లకు ఎన్ని గంటలు పోయాయో కాగితం మీద చూపించండి. ఆయనకు అది మీ బలహీనతలా కనిపించదు, తన పై వాళ్ల ముందు పెట్టగలిగిన ఆధారంలా కనిపిస్తుంది. పిచ్‌ల గోల మీ ఒక్క ఏజెన్సీది కాదు. బ్రిటన్‌లో ఏజెన్సీల సంఘమూ ప్రకటనకర్తల సంఘమూ కలిసి, పిచ్‌ల వల్ల మనుషులు నలిగిపోకుండా చూస్తామన్న ప్రతిజ్ఞను 2022లో తెచ్చాయంటే, సమస్య ఎంత పాతుకుపోయిందో ఊహించండి. ప్రతి పిచ్‌లో పాల్గొనాలా వద్దా అని నిర్ణయించే చోట మీకూ ఒక మాట ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

దీని పర్యవసానాలూ చెబుతాను. ఆయన అన్నీ ఒప్పుకుని, రెండో నెలలో పెద్ద పిచ్ రాగానే ఈ ఒక్కసారికి అనవచ్చు. నాలుగోసారి కూడా ఈ ఒక్కసారికే అంటే మీకు జవాబు దొరికినట్టే. పదవి ఆరు నెలలు వాయిదా పడవచ్చు. కొంతమంది సహోద్యోగులు మీ వెనక నవ్వుకోవచ్చు. నిజమైన గంటలు రాయడం మొదలుపెట్టాక క్లయింట్ సర్వీసింగ్ వాళ్లకు కోపం వస్తుంది. అది వాళ్లు క్లయింటుతో మాట్లాడవలసిన మాటను ఇన్నాళ్లూ మీరు ఆపుతూ వచ్చినందువల్ల వచ్చే కోపం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టకపోతే, అప్పుడు కనీసం సందేహం తీరుతుంది.

పదవి వద్దని, ఇప్పుడున్న ఉద్యోగంలోనే గంటలు తగ్గించుకుని ఉండిపోవడం మూడో మార్గం. పాప చిన్నది కనుక రెండు మూడేళ్లకు ఇది సరిపోవచ్చు. అయితే మీ తర్వాత చేరినవారు మీ పైన కూర్చునే రోజు వస్తుంది. అది మీకు గుచ్చుకోదని మీరు నమ్మితేనే ఈ దారి పట్టండి. పదవి వదులుకున్నంత మాత్రాన గంటలు వాటంతట అవి తగ్గవన్నది కూడా గుర్తుంచుకోండి. టైమ్‌షీటు సంగతి ఇక్కడా తప్పదు.

బయటకు వెళ్లడం గురించి మీ స్నేహితురాలు చెప్పింది సగమే నిజం. ఏజెన్సీలన్నీ ఒకలా ఉండవు. ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగినంత ధైర్యంగా, గత మూడు నెలల్లో ఎన్ని పిచ్‌లు చేశారు, జట్టు శనివారాలు ఎన్నిసార్లు వచ్చింది, ఈ స్థానంలో ఇదివరకున్న మనిషి ఎందుకు వెళ్లిపోయారు అని అడిగితే చాలా తెలుస్తుంది. క్లయింటు వైపు, అంటే ఒక కంపెనీ సొంత ప్రకటనల విభాగంలో చేరితే వేళలు మామూలుగా కొంత కుదురుగా ఉంటాయి, పిచ్‌లు ఉండవు. కానీ ఏడాదంతా ఒకే బ్రాండు గురించి రాయాలి. రోజుకొక కొత్త విషయం మీద మనసు పడే మీలాంటివారికి అది ఉక్కపోతలా అనిపించవచ్చు. ఫ్రీలాన్స్‌లో వేళలు మీవే. అయితే మీరు మొహమాటస్థులు, కాదనలేరు. ఆ గుణం మారకుండా ఫ్రీలాన్స్‌లోకి వెళ్తే పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టే, ఎందుకంటే అక్కడ ఇక చాలు, ఇంటికి వెళ్లమని చెప్పే మనిషి ఎవరూ ఉండరు. డబ్బూ ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు.

మీ వారు మానేయమనడం ప్రేమతోనే కావచ్చు. కానీ మానేస్తే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో మీరిద్దరూ కూర్చుని లెక్క చూసుకోకుండా అది సలహా కాదు, ఓదార్పు మాత్రమే. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే, కొంత విరామం తీసుకుని తర్వాత తేల్చుకోవడం కూడా గౌరవమైన దారే. అలసిపోయి రాజీనామా చేసిన మనిషి నెల తిరక్కుండానే దొరికిన మొదటి ఉద్యోగంలో చేరడం మాత్రం చాలాసార్లు చూశాను. పాత రాత్రులే కొత్త చిరునామాతో మళ్లీ మొదలవుతాయి.

పాప గురించి ఒక్క మాట. ఆమె బొమ్మలకు చెబుతున్నది మీ మాటే కనుక మీకు గుచ్చుకుంది. పిల్లలను బాధపెట్టేది అమ్మ లేకపోవడం కన్నా ఎక్కువగా, అమ్మ చెప్పిన ఐదు నిమిషాలు ఎప్పుడూ ఐదు నిమిషాలు కాకపోవడం. వచ్చే వారమంతా రాత్రి తొమ్మిది లోపు రాలేననుకుంటే, రాలేనని చెప్పండి. గురువారం ఆరింటికి వస్తానని చెప్పగలిగితే, ఆ గురువారం మాత్రం ఏది ఆగిపోయినా రండి. ఇక అమ్మగారి సంగతి. ఆ వేలు గురించి ఆమెకు మీరు ఇప్పటిదాకా చెప్పలేదని రాశారు. చెప్పండి. ఆమెకు అది గుర్తే ఉండకపోవచ్చు.

నెల గడువులో మొదటి మూడు వారాలు ఎవరికీ ఏమీ ప్రకటించకండి. వైద్యులను కలవండి, టైమ్‌షీటులో నిజమైన గంటలు రాయండి, ఎవరైనా అడిగితే పట్టినంతే రాశానని చెప్పి ఊరుకోండి. ఆఫీసులోని ఆ చిన్నమ్మాయిని వారంలో రెండు రోజులైనా ఏడింటికి మీరే ఇంటికి పంపించి, మీరూ బయలుదేరి చూడండి, మర్నాడు ఏది నిజంగా ఆగిపోయిందో గమనించండి. నాలుగో వారంలో, చేతిలో మూడు వారాల కాగితాలతో, మీ క్రియేటివ్ డైరెక్టర్‌ను గంట సమయం అడగండి. ఆయన మామూలుగా రాత్రి పది తర్వాత రమ్మంటారేమో. ఉదయం పదకొండింటికే కలుద్దామని చెప్పండి.